ప్రాణం పోసిన నక్కల జాబితా

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న ఆఫీసు ఉండేది. ఆఫీసే పెద్దదనీ, అడవి దాని ఆవరణలో ఒక మూలకి ఉందనీ అందులో పనిచేసేవాళ్ళ నమ్మకం.

ఆ ఆఫీసు పేరు ప్రాణుల నమోదు కచేరీ. పిడుగు పడి కూలిన మద్దిమాను తొర్రలో నడిచేది. అధ్యక్షుడు ఎలుగుబంటి. ఆయన పని నిద్రపోవడం, మధ్యలో ఎవరైనా లేపితే కాగితం మీద పంజా ముద్ర వేసి మళ్ళీ నిద్రపోవడం. కార్యదర్శి జంబుకేశ్వర్రావు అనే నక్క. ఆయన పని లేపడం. గుమాస్తా ఏకపాదం అనే కొంగ. పొద్దున వచ్చి ఒంటికాలి మీద నిలబడితే సాయంత్రం దాకా కదిలేవాడు కాదు. పని చేస్తున్నాడో, జపం చేస్తున్నాడో, అసలు ఉన్నాడో లేడో ఎవరూ చెప్పలేకపోయేవారు. ఇలాంటి గుమాస్తా దొరకడం మన అదృష్టమని నక్క అందరితో అనేవాడు.

ఎండాకాలం వస్తే ఆ కచేరీకి ఎక్కడలేని గిరాకీ. వాగులన్నీ ఎండిపోయి, అడవి మొత్తానికి ఒక్క మడుగే మిగిలేది. ఎవరు ముందు తాగాలో ఎవరు తర్వాత తాగాలో రిజిస్టరు చూసి చెప్పేవారు. ఎక్కువ ప్రాణాలున్న కుటుంబానికి మొదటి వంతు, తక్కువ ఉన్నవాళ్ళకి చివరి వంతు. మొదటివాళ్ళకి తేటనీళ్ళు, చివరివాళ్ళకి బురద. ఒక్క ప్రాణమే ఉన్న ఇంటికి అసలు వంతే లేదు. ఒంటరివాళ్ళకి దాహం తక్కువని ఎప్పుడో ఒక కమిటీ తేల్చింది.

ఆ లెక్కన నలభై మంది ఉన్న జింకలది మొదటి వంతు. తొమ్మిది మంది ఉన్న నక్కలది ఏడో వంతు. అందరికన్నా చివర పొలుసమ్మ.

పొలుసమ్మ అలుగు. ఒంటినిండా పొలుసులు, నోట్లో ఒక్క పన్ను లేదు, ఎవరి జోలికీ పోదు. అలికిడి అయితే బంతిలా ముడుచుకుపోవడం తప్ప మరో విద్య తెలియదు. మొగుడు కిందటేడు వేటగాళ్ళ ఉచ్చులో పడి పోయాడు. ఒక్కతే కూతురు. కొండకి మొక్కుకుంటే పుట్టిందని ముడుపు అని పేరు పెట్టుకుంది. ఆ పిల్ల ఉండబట్టే వాళ్ళది రెండు ప్రాణాల ఇల్లు, రోజూ నాలుగు గుక్కల బురదనీళ్ళు.

పిల్ల పేరు రాయించడానికి పొలుసమ్మ మొదటిసారి కచేరీకి వెళ్ళినప్పుడు కొంగ అడిగాడు.

"ఏం తెచ్చావమ్మా?"

"ముడుపండీ."

కొంగ రెండో కాలు కూడా కిందికి దించాడు. "ఏదీ? ఎంత?"

"పిల్ల పేరండీ."

కాలు మళ్ళీ పైకి పోయింది.

సరే, ఆ ఏడు ఎండలు మండిపోతుండగా అడవి అంచున ఉన్న అతిథి బంగళాకి ఒక బస్సులో బడిపిల్లలు దిగారు. సాయంకాలం ఆరుబయట తెల్లదుప్పటి కట్టి, వాళ్ళకి ఒక కార్టూను బొమ్మ వేశారు. వేపకొమ్మ మీద కూర్చుని కాకి మొదట్నించి చివరిదాకా చూసింది. మర్నాడు పిల్లలు వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ ఒక గంపెడు ఆటబొమ్మలు వరండా మెట్ల మీద మర్చిపోయారు.

కాకి నోట్లో మాట ఆగదు. "బొమ్మంటే బొమ్మరా నాయనా! అందులో ఆటబొమ్మలకి ప్రాణం పోశారు. చెక్క గుర్రం పరిగెడుతుంది, గుడ్డ కోతి పాట పాడుతుంది. ఎవరైనా చూస్తే మాత్రం ఠపీమని బిగుసుకుపోతాయి" అని చెట్టు చెట్టుకీ చెప్పుకుంటూ తిరిగింది.

అందరూ నవ్వుకుని వదిలేశారు. జంబుకేశ్వర్రావు వదల్లేదు. ఏడో వంతు నీళ్ళు తాగీ తాగీ ఆయన గొంతులో ఇసుక పేరుకుపోయింది. ఆ మధ్యాహ్నమే వెళ్ళి, గంపని పళ్ళతో ఈడ్చుకుని కచేరీకి తెచ్చాడు. అధ్యక్షుణ్ణి లేపి సర్వసభ్య సమావేశం పిలిపించాడు.

"సోదర ప్రాణులారా!" అన్నాడు. "ఇంతకాలం మనం ఎంత అన్యాయం చేశామో తలుచుకుంటే నాకు అన్నం సయించడం లేదు. నోరు లేని బొమ్మలను నిర్జీవాలని పక్కన పెట్టాం. అభివృద్ధి చెందిన సినిమాల్లో వాటిని ప్రాణులుగా గుర్తించారు. మనం మాత్రం ఇంకా అడవిలోనే ఉన్నాం."

"అడవిలో కాక ఎక్కడుంటాం?" అన్నాడు అడవిపంది.

"చూశారా, ఇదే వెనకబాటుతనం."

తర్వాత కాకిని సాక్షిగా నిలబెట్టారు. ఏ వస్తువు ప్రాణమున్న బొమ్మ అవుతుంది, ఏది కాదు అన్నది తేలాలి.

"నువ్వు చూసిన సినిమా బొమ్మలో అన్నిటికీ ప్రాణం ఉందా?" నక్క అడిగాడు.

"అబ్బే, లేదు. గుర్రం బొమ్మ మాట్లాడింది గానీ, అది ఎక్కి కూర్చున్న బల్ల మాట్లాడలేదు. దువ్వెన మాట్లాడలేదు. చీపురు కూడా మాట్లాడలేదు. మధ్యలో ఎవరో దానికి రెండు కళ్ళు అతికించారు. అంతే, ఇల్లంతా ఊడ్చి పారేసింది!"

"రాసుకో ఏకపాదం. మొదటి నిబంధన, కళ్ళు. కళ్ళుంటే ప్రాణి, లేకపోతే వస్తువు. ఇంకా?"

"పేరు పెట్టి పిలవాలి. పిలిస్తేనే లేస్తాయి."

"రెండో నిబంధన, పేరు. మూడోది నువ్వే చెప్పావు. ఎవరైనా చూసినప్పుడు కదలకూడదు."

కుందేలు చెవులు నిక్కబొడుచుకున్నాయి. "చూసినప్పుడు కదలకపోతే, చూడనప్పుడు కదిలిందని మనకెలా తెలుస్తుందండీ?"

"నమ్మకం!" అన్నాడు జంబుకేశ్వర్రావు. "ఈ కచేరీలో పని జరుగుతోందని నువ్వు నమ్మడం లేదా? ఎప్పుడైనా కళ్ళారా చూశావా?"

కుందేలు ఏకపాదం వైపు చూసింది. ఏకపాదం కదల్లేదు. కుందేలు చెవులు వాలిపోయాయి.

వెనక వరసలో తల్లి తోక మీద కూర్చున్న ముడుపు గట్టిగా అంది. "మరి దాంతో ఎవరూ ఆడుకోకపోతే అది బొమ్మెట్లా అవుద్దమ్మా?"

సభ అంతా నవ్వింది. పిల్లల మాటలు రికార్డులో ఎక్కించే పద్ధతి లేదు కాబట్టి ఎక్కించలేదు. అధ్యక్షుణ్ణి లేపారు. పంజా ముద్ర పడింది. తీర్మానం ఏకగ్రీవం.

ఇక గంపలోని బొమ్మల నమోదు మొదలైంది. లక్క డోలువాడు, గుడ్డ ఏనుగు, ప్లాస్టిక్ బాతు, అన్నిటినీ నక్క తన కుటుంబంలోనే రాయించుకున్నాడు.

"ఏనుగు కూడా మీ కుటుంబమేనా సార్?" కొంగ అడిగాడు.

"మేనత్త వైపు."

గుడ్డ ఏనుగుకి ఒక కంటి గుండీ ఊడిపోయి ఉంది. దాని ఎదురుగా అర ప్రాణం అని రాశారు. అర ఎందుకు పోవాలని నక్క వడ్రంగి పిట్టని పిలిపించి, కంటి నిపుణుడని పదవి ఇచ్చాడు. ఆ పిట్ట టకటకమని రెండు రంధ్రాలు పొడిస్తే చాలు, ప్రాణం వచ్చేది. ఏనుగు అయిపోయాక సొరకాయలు, వెదురు బొంగులు, చెట్టు మొద్దులు వరసగా కళ్ళు తెరిచాయి. మూడు రోజుల్లో తొమ్మిది మంది నక్కలు అరవై ఒక్కమంది అయ్యారు.

"అసలు నక్కలని ఒక కాగితం మీద, బొమ్మలని ఇంకో కాగితం మీద రాయమంటారా?" కొంగ అడిగాడు.

"వద్దు వద్దు. అలా విడదీస్తే బొమ్మల మనసు నొచ్చుకుంటుంది. అందరం ఒకే జాబితా. మొదటి పేరు నాదే రాయి. పైన 'ప్రాణం పోసిన నక్కలు' అని తాటికాయంత అక్షరాలతో పెట్టు."

బొమ్మలని పరీక్షించి అసలు ప్రాణులని వదిలేస్తే పక్షపాతం అంటారని అందరికీ అదే పరీక్ష పెట్టారు. జంబుకేశ్వర్రావుకి సమానత్వం అంటే ప్రాణం. ఒక మొక్కుబడి తనిఖీ, అంతే. జింకలకి కళ్ళున్నాయి, చారడేసి. పందులకి చిన్నవే అయినా ఉన్నాయి. నక్కలని మాత్రం వాళ్ళ పెద్దే కార్యదర్శి కాబట్టి తనిఖీ చేయలేదు.

చివర పొలుసమ్మ పుట్ట దగ్గరికి వచ్చారు. నక్క, కొంగ, వెనక పదిమంది చూడవచ్చినవాళ్ళు. అంత అలికిడికి పొలుసమ్మకే ముడుచుకోవాలనిపించింది, తల్లి కాబట్టి నిలబడింది. ముడుపు నిలబడలేకపోయింది. గుండ్రంగా చుట్టుకుపోయింది. మొహం లేదు, కాళ్ళు లేవు. ఉత్త పొలుసుల బంతి.

"కళ్ళేవీ?" నక్క అడిగాడు.

"లోపలున్నాయండీ. భయపడింది. మీరు ఒక్క ఘడియ పక్కకెళ్తే తనే విప్పుకుంటాది బాబూ."

"తనిఖీకి వచ్చినవాళ్ళం పక్కకెళ్ళి తనిఖీ చేస్తామా? కళ్ళు కనబడలేదు. రాయి, వస్తువు."

"వస్తువేంటయ్యా, నా కడుపున పుట్టిన పిల్ల! ఇదుగో చెయ్యి పెట్టి చూడండి, ఊపిరాడుతోంది!"

"ఊపిరి నిబంధనల్లో లేదమ్మా."

ఏకపాదం ముడుపు పేరు మీద గీత కొట్టాడు. ఆ గీతతో పొలుసమ్మది ఒంటి ప్రాణం ఇల్లు అయిపోయింది. మర్నాటి నుంచి వాళ్ళని మడుగు గట్టు కూడా ఎక్కనివ్వలేదు. రెండు రోజులు పొలుసమ్మ తెల్లారగట్ల ఆకుల మీద మంచు నాకించి పిల్లని నిలబెట్టింది. ఆ మండుటెండల్లో ఆకులకి మాత్రం ఎంత తడి ఉంటుంది? మూడో రోజుకి పిల్ల నాలుక పిడచకట్టుకుపోయింది. ఇదంతా చెప్తుంటే నాకే ఒళ్ళు మండుతోంది. కానీ కచేరీలో ఎవరికీ మండలేదు. అక్కడ నీడ చల్లగా ఉండేది.

నాలుగో రోజు నక్కల మొదటి వంతు మొదలయ్యే రోజు. పొద్దెక్కేసరికి అడవి అంతా మడుగు దగ్గర చేరింది. ముందు వరసలో నక్కలు, వాళ్ళ వెనక బండి మీద బొమ్మలు, సొరకాయలు, కళ్ళు పొడిచిన మొద్దులు. పొలుసమ్మ కూడా పిల్లని తోక మీద వేసుకుని వచ్చి, గట్టు కింద అందరి కాళ్ళూ పట్టుకుంటూ కూర్చుంది.

"జాబితా చదువు" అన్నాడు జంబుకేశ్వర్రావు.

ఏకపాదం గొంతు సవరించుకున్నాడు. "ప్రాణం పోయిన నక్కలు. మొత్తం అరవై ఒకటి. ఒకటో పేరు, జంబుకేశ్వర్రావు."

"ఏమన్నావ్?"

"ప్రాణం పోయిన నక్కలు సార్."

"పోసిన! పోసిన అని కదా చెప్పాను!"

కొంగ కాగితం దగ్గరగా పెట్టుకుని చూశాడు. నిజమే, సి ఉండాల్సిన చోట యి ఉంది. పాపం అతని తప్పు కూడా కాదు. ఇరవై ఏళ్ళుగా అతను నింపిన రిజిస్టర్లలో ముప్పాతిక చావులవే. ప్రాణం అని రాయగానే పోయిన అని చెయ్యి దానంతటదే రాసేస్తుంది. పోసిన అని రాయాల్సిన అవసరం ఆ కచేరీకి ఎప్పుడూ పడలేదు.

"దిద్దు!"

"ముద్ర పడిందండీ. నకళ్ళు అన్ని శాఖలకీ వెళ్ళాయి."

అన్ని శాఖల్లో పారిశుధ్య శాఖ ఒకటి. దాని అధికారి రాబందు. ప్రాణం పోయినవాళ్ళని పొద్దుగూకే లోపు తీసుకెళ్ళడం ఆ శాఖ బాధ్యత. అంతవరకు గట్టు పక్క చెట్టుకొమ్మ మీద కూర్చున్న రాబందు నకలు కాలివేళ్ళ మధ్య పట్టుకుని కిందికి దిగాడు.

"అరవై ఒక్క శవాలు. ఒకే రోజు. శాఖ చరిత్రలో లేదు" అన్నాడు ముక్కు నూరుకుంటూ. "ఎవరు ముందొస్తారు?"

"నేను బతికే ఉన్నానయ్యా!" నక్క ఎగిరి గంతేశాడు. "ఇదుగో, కదులుతున్నాను! మాట్లాడుతున్నాను!"

"అదే కదండీ ఇబ్బంది" అన్నాడు రాబందు. "ఇంతమంది చూస్తున్నారు. మీ మూడో నిబంధన ప్రకారం ప్రాణమున్నది ఎవరైనా చూస్తుండగా కదలకూడదు."

జంబుకేశ్వర్రావు ఎక్కడివాడక్కడ బిగుసుకుపోయాడు. రెప్ప కూడా వేయలేదు.

"ఆఁ, ఇది బాగుంది" అని రాబందు ఆయన కాలు పట్టుకున్నాడు. "పెద్దమనిషి, సహకరిస్తున్నారు."

మిగతా నక్కలు ఈ తతంగం చూసి, నిబంధనలు మళ్ళీ అడక్కుండా అడవి దాటి పారిపోయాయి. నక్క ఒక్కడే మిగిలాడు. కదిలితే నిబంధన ప్రకారం ప్రాణి కాదు, కదలకపోతే శవం. పెదాలు కదపకుండా పళ్ళ సందుల్లోంచి ఏడ్చాడు.

"కాకీ, నువ్వు చూశావు కదా! ఆ సినిమాలో ఏ బొమ్మకైనా ఇలా ప్రాణం మీదికి వచ్చిందా? వస్తే ఎలా బయటపడింది?"

కాకి తల గోక్కుంది. "వచ్చింది. గుర్రాన్ని చెత్తబుట్టలో పడేయబోయారు. అప్పుడొక పిల్ల వచ్చి పేరు పెట్టి పిలిచింది. అంతే, వదిలేశారు."

"నాకు పేరుంది కదా! రిజిస్టరులో ఉంది!"

"హాజరు పిలిస్తే చాలదండీ. ఎవరైనా పసిపిల్ల ఆటకి పిలవాలి. నాతో ఆడుకోవడానికి రా అని పిలవాలి. బొమ్మకి ప్రాణం అక్కడే ఉంటుంది. ఇది రెండో నిబంధనలోనే చెబుదామనుకున్నాను, మీరు మూడోదానికి వెళ్ళిపోయారు."

రాబందు కొంచెం ఆలోచించాడు. "సినిమాలో ఉంటే నాకేం అభ్యంతరం లేదు. పిలవమనండి."

నక్క తల తిప్పకుండా చుట్టూ వెతికాడు. జింకపిల్లలు తల్లుల కాళ్ళ చాటుకి పోయాయి. పందిపిల్లలు ఈయన మొహం చూసి నవ్వాయి. కుందేలు పిల్లలకి వినబడలేదట, అంత చెవులుండి. గట్టు కింద ముడుపు ఒక్కతే మిగిలింది. పారిపోదామన్నా ఆ పిల్లకి ఓపిక లేదు.

"అమ్మా ముడుపూ, బంగారు తల్లీ, నన్ను ఒక్కసారి ఆటకి పిలువమ్మా!"

కొంగ అడ్డం వచ్చాడు. "కుదరదండీ. రిజిస్టరు ప్రకారం ఆ పిల్ల వస్తువు. వస్తువు వస్తువుని ఆటకి పిలవదు."

"ఆ గీత తీసెయ్యి! కార్యదర్శిగా ఆజ్ఞాపిస్తున్నాను!"

"మీరు ప్రాణం పోయిన కార్యదర్శి సార్. మీ ఆజ్ఞ చెల్లదు. అధ్యక్షులవారు ముద్ర వేయాలి."

అధ్యక్షుణ్ణి లేపే పని నక్కది. ఆ నక్క కదలకూడదు. కాకి వెళ్ళి గట్టు మీదే నిద్రపోతున్న ఎలుగుబంటి చెవిలో అరిచింది. ఆయన ఒక కన్ను తెరిచాడు.

"మహాప్రభో!" నక్క పళ్ళ సందుల్లోంచే మొరపెట్టుకున్నాడు. "ఆ అలుగుపిల్ల ప్రాణి! సాక్షాత్తూ ప్రాణి! ఊపిరి ఉంది, నేను అప్పుడే గమనించాను!"

"ఉంటే ఉండనీ" అని ఎలుగుబంటి ముద్ర వేసి పడుకున్నాడు.

ముడుపు మళ్ళీ ప్రాణి అయింది. అందరూ పిల్ల నోటి వైపే చూస్తున్నారు. పొలుసమ్మ లేచి నిలబడింది. జీవితంలో మొదటిసారి ఇంతమంది మధ్య ఆమెకి ముడుచుకోవాలనిపించలేదు.

"మాది రెండు ప్రాణాల ఇల్లు కదండీ ఇప్పుడు? ముందు నా పిల్ల నీళ్ళు తాగాలి. ఆట తర్వాత."

"మీ వంతు చివర..." అని కొంగ మొదలుపెట్టాడు.

"చివరి వంతు దాకా ఆగుతానంటే మీ సారునే ఆగమనండి. నాకేం తొందర లేదు."

రాబందు నక్క కాలు మీద పట్టు బిగించాడు. "తాగనీ! తాగనీ! మొదటి వంతు వాళ్ళదే!" అని నక్క గిలగిల్లాడాడు, లోపల్లోపలే.

జింకలు పక్కకి జరిగాయి. ఇంకా ఎవరి కాలూ పడని మడుగులో ముడుపు మూతి పెట్టింది. ఆ పిల్ల అంత తేటనీళ్ళు ఎప్పుడూ చూడలేదు. నీళ్ళలో కనిపించిన తన మొహాన్ని చూసి మొదట భయపడింది, తర్వాత తాగింది, ఆగి ఊపిరి పీల్చుకుని మళ్ళీ తాగింది. పొలుసమ్మ వెనక నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. పిల్ల తాగిందాకా అందరూ నిలబడ్డారు. రాబందు కూడా.

అప్పుడు ముడుపు మూతి తుడుచుకుని వచ్చి, నక్కని ఎగాదిగా చూసి, "నక్కబొమ్మా, నాతో ఆటకి రా" అంది.

రాబందు కాలు వదిలేసి, ఎగిరి కొమ్మ మీదికి పోయాడు.

జంబుకేశ్వర్రావు బతికి బయటపడ్డాడు. కాకపోతే ఇప్పుడు ఆయన అడవిలో ఏకైక ప్రాణమున్న బొమ్మ. పొరుగు అడవుల నుంచి కూడా చూడ్డానికి వస్తున్నారు. పొద్దున్నించి సాయంత్రం దాకా చుట్టూ జనం. చెట్టుకొమ్మ మీద రాబందు రెప్ప వేయకుండా చూస్తూనే ఉంటాడు. ఎవరో ఒకరు చూస్తున్నంతసేపూ కదలడానికి లేదు. ఇంత స్థిరమైన అధికారిని తానెన్నడూ చూడలేదని అధ్యక్షుడు ఆయన పదవీకాలం పొడిగించాడు. మడుగు మూరెడు దూరంలోనే ఉంది. వంగి తాగడానికి లేదు.

మధ్యాహ్నానికి ఆయన నాలుక బయటికి వేలాడింది. ముడుపు అది చూసి, "అయ్యో, నా బొమ్మకి దాహమేస్తోందమ్మా" అని పరిగెత్తుకెళ్ళి ఒక కాయచిప్ప తెచ్చింది. పిల్లలు బొమ్మలకి ఎలా తాగిస్తారో మీకు తెలుసు కదా. ఉత్త చిప్పని ఆయన మూతికి ఆనించి, వంచి, "తాగు, తాగు. గడగడా తాగెయ్. అయిపోయిందా? మంచి బొమ్మ!" అంది.

చుట్టూ జనం చప్పట్లు కొట్టారు. జంబుకేశ్వర్రావు కదల్లేదు.

నీతి: ప్రాణం పోయడానికి ఒక్క ముద్ర చాలు, నీళ్ళు పోయాలంటేనే నానా ఇబ్బందులు.